చచ్చిపోతున్న జనరల్‌కి కాఫీ

ఆ గురువారం పొద్దున్న విశ్వనాథం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇడ్లీలు తిని గోడౌన్‌కి వెళ్లాలి. విదేశం నుంచి వచ్చిన చెక్కపెట్టె విప్పించి, లోపలి బొమ్మకి దెబ్బేమీ తగల్లేదని చూసుకోవాలి. దాన్ని జనరల్ అబూ మాజిద్‌గారి కొత్త విల్లాకి చేర్చి గోడకి తగిలించాలి. మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చి భార్య జ్ఞానప్రసూనాంబ చేతి ముద్దపప్పు తినొచ్చని కూడా ఆశపడ్డాడు. మనం అనుకున్నవన్నీ అనుకున్నట్టే జరిగిపోతుంటే పైవాడికి పొద్దెలా గడుస్తుందో ఆ పెద్దమనిషి ఆలోచించలేదు.

విశ్వనాథం రియాద్‌లో ఒక ఇంటీరియర్ కంపెనీలో సామాన్లు తెప్పించే ఉద్యోగి. షాండ్లియర్లు, తివాచీలు, పాలరాళ్లు, తలుపు గొళ్లాలు, ఏవి కావాలన్నా ఆయనే ఆర్డరివ్వాలి, ఆయనే తెప్పించాలి. ఒంగోలు నుంచి వచ్చినప్పుడు నల్లగా ఉన్న జుట్టు ఈ ఉద్యోగంలోనే తెల్లబడింది. ఇన్నేళ్లలో సప్లయర్లతో ఆయన మాట్లాడిందల్లా ఒకటే మాట, త్వరగా పంపండి బాబూ అని. నిద్రలో కూడా అదే పలవరిస్తాడనీ, ఒకసారి తన చెయ్యి పట్టుకుని షిప్‌మెంట్ ఎక్కడిదాకా వచ్చిందని అడిగాడనీ జ్ఞానప్రసూనాంబ బంధువులందరికీ చెప్పింది.

ఇప్పుడు ఆ ఉద్యోగానికే గండం వచ్చింది. కంపెనీకి పని తగ్గి, మనుషుల్ని ఒక్కొక్కరినే ఇంటికి పంపుతున్నారు. ఈ దేశంలో ఉండనిచ్చే ఇకామా కార్డు గడువు విశ్వనాథానికి వచ్చే నెలతో అయిపోతుంది. ఆ కార్డు రెన్యూ కాకపోతే ఆయనతోపాటు భార్యాబిడ్డలు కూడా దేశం విడిచి వెళ్లాల్సిందే. తన సంగతి ఆయనకి పెద్దగా పట్టలేదు. కూతురు భవిత ఇక్కడి ఇండియన్ స్కూల్లో పన్నెండో తరగతి చదువుతోంది. ఫిబ్రవరిలో బోర్డు పరీక్షలు. ఈలోగా పెట్టేబేడా సర్దుకుని వెళ్తే పిల్ల ఏడాది చదువు గంగలో కలిసినట్టే. కంపెనీ మేనేజరు నబీల్, అందరూ ముదీర్ అని పిలిచే ఆయన, ఈ విషయంలో చాలా మృదువుగా మాట్లాడాడు. జనరల్‌గారు మెచ్చుకునేట్టు ఇల్లు అప్పజెబితే ఇకామా రెన్యూ చేయిస్తానన్నాడు. మెచ్చుకోకపోతే ఫైనల్ ఎగ్జిట్ కొట్టించి ఇంటికి పంపేస్తానన్నాడు. రెండు మాటలూ ఒకే చిరునవ్వుతో అన్నాడు.

ఇల్లంతా అయిపోయింది. పుస్తకాల గదిలో గోడకి ఒక్క బొమ్మ మాత్రం మిగిలింది. శనివారం సాయంత్రం జనరల్‌గారు సైన్యంలో తనతో పనిచేసిన పాత స్నేహితుల్ని కొత్తింటికి విందుకి పిలిచారు. ఆ బొమ్మ తాలూకు ఫొటోని ముదీరే ఒకరోజు విశ్వనాథం ఫోన్‌కి పంపి, ఆర్డరివ్వమన్నాడు. ఆయన ఇచ్చాడు.

గోడౌన్‌లో డ్రైవర్ లింబాద్రి మేకులు పీకి పెట్టె మూత తీశాడు. లింబాద్రి జగిత్యాల మనిషి, ఏది చూసినా చూసినట్టు చెప్పేయడం అతని బలహీనత. ఇద్దరూ కలిసి బొమ్మని లేపి గోడకి ఆనించారు. మంచమంత ఉంది. బంగారు ఫ్రేము, చేత్తో వేసిన నూనె రంగుల నకలు. ఆకాశం నిండా నల్లటి పొగ. మధ్యలో ఎర్ర కోటు తొడుక్కున్న ఒక సేనాపతి వెనక్కి వాలిపోయి ఉన్నాడు, కనుగుడ్లు పైకి తేలిపోయాయి. ఇద్దరు ముగ్గురు ఆయన్ని ఒడిసి పట్టుకున్నారు. ఒకడు రొమ్ము మీద గుడ్డ అదుముతున్నాడు. ఒకడు చేతులు జోడించి ఏడుస్తున్నాడు. వెనకాల జెండా వాడిపోయి వేలాడుతోంది.

"ఈయనకేమైంది సార్, గింతమంది పట్టుకున్నరు?" అన్నాడు లింబాద్రి.

"పోతున్నాడయ్యా" అన్నాడు విశ్వనాథం.

"జనరల్ సాబ్ కొత్తింటికేనా సార్ ఇది?"

విశ్వనాథం ఖాళీ పెట్టె మీద కూర్చున్నాడు. ఫోన్ తీసి ముదీర్ పంపిన ఫొటో మళ్లీ చూశాడు. బొటనవేలి గోరంత బొమ్మ. ఆర్డరిచ్చిన రోజు అందులో ఆయనకి కనపడింది ఒక జెండా, దాని కింద గుమిగూడిన సైనికులు. శిబిరంలో కబుర్లు చెప్పుకుంటున్నారనుకున్నాడు. వేళ్లతో సాగదీసి చూడాలన్న బుద్ధి అప్పుడు పుట్టలేదు. ముదీర్ కూడా గోరంతదే చూసి పంపి ఉంటాడని ఇప్పుడు రూఢి అయింది. జనరల్‌గారు మొన్న వేసవిలోనే గుండె ఆపరేషన్ చేయించుకున్నారు. బొమ్మలోవాడు గుడ్డ అదుముతున్నది కూడా సరిగ్గా అక్కడే.

ఫోన్లో సంగతి వినగానే జ్ఞానప్రసూనాంబ స్టవ్ కట్టేసింది.

"ఏవండీ, శుభమా అని కొత్తింట్లోకి వెళ్తుంటే చచ్చేవాడి బొమ్మ పట్టుకెళ్తారా? అదీ ఆయన ఉద్యోగమే చేసినవాడి చావు. భారత యుద్ధం పటమే ఇంట్లో ఉండకూడదంటారు. అంపశయ్య మీద భీష్ముణ్ణి తీసుకెళ్లి గోడకి కొడతారా ఎవరైనా?"

వాళ్లకి మన పట్టింపులు ఉండవేమోనని ఆయన నసిగాడు. చావుకి మతమేమిటని ఆవిడ అడిగింది. నిజానికి ఆయనకీ ఆ పట్టింపు నరనరానా ఉంది. బయల్దేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే ఆఫీసుకి ఆలస్యంగా వెళ్లే మనిషి.

ఆ సాయంత్రం భవిత ఫొటో చూసి, రెండు నిమిషాల్లో దాని జాతకం చెప్పేసింది. "నాన్నా, ఇది చాలా ఫేమస్ పెయింటింగ్. జనరల్ వుల్ఫ్ అని ఇంగ్లీష్ ఆర్మీ కమాండర్. కెనడాలో ఫ్రెంచ్ వాళ్లతో వార్‌లో చనిపోయాడు. అటునుంచి జెండా పట్టుకుని ఒకడు పరిగెత్తుకొస్తున్నాడు చూడు, మనం గెలిచాం అని చెప్పడానికి వస్తున్నాడు."

గెలిస్తే మరి ఇంత ఏడుపు దేనికని తల్లి వంటింట్లోంచి అడిగింది.

"ఇంకో ఫన్నీ థింగ్ ఏంటంటే, ఇందులో ఉన్న చాలామంది ఆయన చనిపోయినప్పుడు అసలక్కడ లేరట. పెయింటర్ కావాలని పెట్టేశాడు" అంది భవిత. అని తన ఫిజిక్స్ పుస్తకంలోకి వెళ్లిపోయింది. రేపేమవుతుందోనన్న దిగులు ఆ పిల్ల ముఖంలో కాస్తయినా లేదు, ఎందుకంటే ఇకామా సంగతి ఇంట్లో ఎవరూ దానికి చెప్పలేదు.

ముదీర్‌తో నిజం చెప్పేయొచ్చు. కానీ ఆ కంపెనీలో తప్పు నీళ్లలాంటిది, పైనుంచి కిందికే పారుతుంది. పెద్దది చేసి చూడకుండా ఆర్డరెందుకిచ్చావని ముదీర్ అడుగుతాడు. నువ్వు చూశావా అని ఎదురడిగే హోదా విశ్వనాథానిది కాదు. ఇంకో బొమ్మ తెప్పించడానికి వ్యవధి లేదు. పైగా ముదీర్ మేనకోడలి పెళ్లికని జెద్దా వెళ్లి కూర్చున్నాడు. అందుకని విశ్వనాథం ఇంగ్లీషులో ఒక మెసేజ్ పెట్టాడు. బొమ్మ చాలా బాగుందనీ, సందర్భానికి తగినట్టు చిన్న తుదిమెరుగులు దిద్దిస్తున్నాననీ రాశాడు. పెళ్లి పందిట్లోంచి బొటనవేలు పైకెత్తిన బొమ్మ ఒకటి జవాబుగా వచ్చింది. ఆ వేలే ఆయన కొంప ముంచింది.

అప్పటికే ఆయన బుర్రలో ఒక దుష్ట తర్కం మొలకెత్తింది. అక్కడ లేనివాళ్లని పెట్టడం ఆ చిత్రకారుడికి తప్పు కానప్పుడు, అక్కడ జరిగిన చావొకటి తీసేయడం తనకి మాత్రం తప్పెలా అవుతుంది? కళ్లు తెరిపిస్తే చాలు. యుద్ధంలో అలిసిపోయి కాసేపు నడుం వాల్చాడనుకుంటారు.

కళ్లు తెరిపించే మనిషి, ఊళ్లో మనవాళ్లు ఎక్కువగా ఉండే బతా పేటలో ఉన్నాడు. పేరు మతీన్. నిజామాబాద్‌లో సినిమా హాళ్లకి కటౌట్లు గీసేవాడు. ఫ్లెక్సీలొచ్చి ఆ విద్యని మింగేశాక రియాద్ వచ్చి హోటళ్ల గోడల మీద ఒంటెలు, ఖర్జూర చెట్లు, కాఫీ కూజాలు వేస్తున్నాడు. బతాలో ఏ మెస్సుకెళ్లి అన్నం తిన్నా మతీన్ కాఫీ కూజా ఎదురుగా ఉంటుంది. శుక్రవారం నమాజు అయ్యాక లింబాద్రి అతన్ని పికప్‌లో ఎక్కించుకుని గోడౌన్‌కి తెచ్చాడు. అతను బొమ్మ ముందు నిలబడి, చేతులు కట్టుకుని, గొప్ప వైద్యుడు రోగిని చూసినట్టు చూశాడు.

"పరేషాన్ కాకుండ్రి సార్. చచ్చెటోన్ని లేపుడు నాకు కొత్త గాదు. మా దగ్గర ఒక సిన్మాల హీరో ఆఖర్ల చస్తడని జనం వస్తలేకుండె. కటౌట్ల నవ్వెటట్టు జేసిన. ఇంకో వారం ఆడింది."

తనకి కళ్లు మాత్రమే కావాలనీ, ఇంకేమీ ముట్టుకోవద్దనీ విశ్వనాథం ఒకటికి రెండుసార్లు చెప్పాడు. మతీన్ తలూపి, డబ్బా మూత తీశాడు. గోడలకీ బోర్డులకీ వాడే ఎనామిల్ రంగు అది. వాసనకి విశ్వనాథం కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు వాసనవల్లే వచ్చాయని ఆయన చాలాసేపు నమ్మాడు.

కళ్లు తెరుచుకున్నాయి. కొలిమి మీద కూర్చున్నవాడి కళ్లలా బార్లా తెరుచుకున్నాయి. జనరల్ ఆకాశంలో దయ్యాన్ని చూసి జడుసుకుని వెనక్కి పడ్డట్టున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఆ దయ్యం తమకీ కనపడినట్టే ఏడుస్తున్నారు. ఇంతకుముందే నయం, కనీసం గౌరవంగా పోతున్నాడు. భయం పోవాలంటే ఏం చెయ్యాలని విశ్వనాథం అడిగాడు. నవ్వితే పోతుందన్నాడు మతీన్. సరే నవ్వించమన్నాడు.

మతీన్‌కి వచ్చింది ఒకటే నవ్వు, కటౌట్ల నవ్వు. ఆ నవ్వు మీసం లేకుండా నిలబడదని అతను మీసం కూడా పెట్టాడు. అడ్డుపడేలోపే ఒక అంచు మెలితిరిగిపోయింది. ఇద్దరూ వెనక్కి జరిగి చూశారు. ఒళ్లు తెలియకుండా వెనక్కి వాలి, నలుగురు పట్టుకుంటే తప్ప నిలబడలేక, కళ్లు పైకెత్తి నవ్వుతున్నాడు సేనాపతి. చూసింది చూసినట్టు చెప్పేవాడు తలుపు దగ్గరే ఉన్నాడు.

"తాగి పడ్డోని లెక్కున్నడు సార్" అన్నాడు లింబాద్రి.

విశ్వనాథం గబగబా వెళ్లి గోడౌన్ తలుపు మూశాడు. మందు చుక్క దొరికితేనే కటకటాల్లో పెట్టే దేశం. అందులో రిటైరైన సైన్యాధికారి ఇంట్లో, అతిథుల ముందు, తప్పతాగి పడిపోయిన సేనాపతి పటం. ఇకామా సంగతి దేవుడెరుగు, ఎగ్జిట్ కూడా దొరుకుతుందో లేదో. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఇంతకాలం పక్కవాళ్ల గురించి చెప్పుకుని నవ్వాడు, ఇప్పుడు నోరంతా ఖాళీగా ఉంది.

మతీన్ మాత్రం ఏమాత్రం చలించలేదు. చేతిలో ఫింజాన్ పెడితే సరిపోతుందన్నాడు. ఫింజాన్ అంటే ఇక్కడివాళ్లు కాఫీ తాగే చెవిలేని చిన్న గిన్నె. మనిషి మంచివాడనీ, కాఫీ తప్ప ఇంకేదీ ముట్టడనీ దూరం నుంచే తెలిసిపోతుందట. వేలాడిపోతున్న జనరల్ చేతిలో ఫింజాన్ వెలిసింది. విశ్వనాథం కళ్లజోడు తుడుచుకుని చూశాడు. ఇంతసేపూ తాగినట్టున్నవాడు ఇప్పుడు తాగుతున్నట్టున్నాడు.

అది కాఫీ అని తెలియాలంటే కూజా ఉండాలి. ఆ మాట తనే అన్నానని విశ్వనాథానికి తర్వాత ఎంత ఆలోచించినా నమ్మబుద్ధి కాలేదు. మతీన్ ముఖం వెలిగిపోయింది. ఎదటికి వచ్చిన తన అభిమాన విషయాన్ని అతను తనివితీరా చిత్రించాడు. ఇత్తడి కూజా సేనాపతి మోకాలంత ఎత్తున ధగధగా లేచింది. నేలమీద పడి ఉన్న టోపీని ఖర్జూరాల పళ్లెం చేశాడు. రొమ్ము మీది గుడ్డకి గళ్లు గీసి చేతులు తుడుచుకునే తువ్వాలు చేశాడు. పొగని ముట్టుకోలేదు, వంట పొగ అనుకుంటారులే అన్నాడు.

ఇక కాఫీ తాగుతున్న మనిషిని చూసి అంతమంది ఏడవడం బాగుండదు. ఒక్కొక్కరి ఏడుపే తుడిచి ఒక్కొక్క నవ్వు పెట్టుకుంటూ పోయాడు మతీన్. అన్నీ అదే నవ్వు, అన్నిటికీ అదే మీసం. శనివారం మధ్యాహ్నానికి ఆ సైన్యమంతా ఒక తల్లి పిల్లల్లా తయారైంది. గెలుపు వార్త మోసుకుని జెండాతో పరిగెత్తుకొస్తున్నవాడు మిగిలాడు. విందు దగ్గర జెండా ఎందుకని మతీన్ ధర్మసందేహం లేవదీశాడు. వద్దనడానికి విశ్వనాథంలో ఓపిక లేదు. జెండా పోయి, వాడి చేతుల్లో మాంసం ముక్కలు కుప్పపోసిన కబ్సా అన్నం పళ్లెం వచ్చింది.

ఒక్కడు మిగిలాడు. తలలో ఈకలు పెట్టుకున్న ఆదివాసీ యోధుడు ఒకడు బొమ్మలో ఓ మూల నేలమీద కూర్చుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, జరుగుతున్నదంతా చూస్తున్నాడు. మతీన్ కుంచె అటు తిరిగేసరికి విశ్వనాథం చెయ్యి పట్టుకుని ఆపాడు.

"వాణ్ణి వదిలెయ్యవయ్యా. వాడొక్కడే నాకు అర్థమవుతున్నాడు."

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. ఇక్కడ కోతి కూడా పూర్తిగా ఆరలేదు. మూడు గంటలకి పికప్ ఎక్కించేసరికి రియాద్ ఆకాశం పసుపుపచ్చగా మారి దుమ్ముగాలి లేచింది. పైన కప్పిన దుప్పటి ఎగిరి, సందుల్లోంచి దూరిన ఇసుక తడి రంగుకి అంటుకుంది. విల్లా చేరేసరికి సేనాపతి చెంపలు గరుకుకాగితంలా ఉన్నాయి. పాతకాలం బొమ్మ లెక్క కనిపిస్తున్నదని లింబాద్రి ఓదార్చాడు. విశ్వనాథం పుస్తకాల గదిలో బొమ్మ తగిలించి, మీద తెల్లటి బట్ట కప్పించి, చేతులు కడుక్కున్నాడు. ఇంటికి ఫోన్ చేస్తే, వెంకటేశ్వరస్వామికి ముడుపు కట్టానని జ్ఞానప్రసూనాంబ చెప్పింది. స్వామికి ఇలాంటి కేసు ఎప్పుడైనా వచ్చిందా అని ఆయన అనుమానపడ్డాడు.

సాయంత్రం అతిథులొచ్చారు. అందరూ తలపండిన పాత అధికారులు, నిటారుగా నడిచేవాళ్లు. ముదీర్ విమానాశ్రయం నుంచి సరాసరి వచ్చి, విశ్వనాథం భుజం తట్టి, ఎనామిల్ వాసనకి ముక్కు చిట్లించాడు. జనరల్ అబూ మాజిద్ సన్నగా, పొడుగ్గా, ఆపరేషన్ తర్వాత ఇంకా కొంచెం పాలిపోయి ఉన్నారు. అందరినీ పుస్తకాల గదిలోకి తీసుకొచ్చి అరబ్బీలో ఏదో చెప్పడం మొదలుపెట్టారు. విశ్వనాథానికి పనికి సరిపడా అరబ్బీ మాత్రమే వచ్చు. అది గమనించి, మర్యాదస్తుడు కాబట్టి, ఆయన మళ్లీ మొదటినుంచి ఇంగ్లీషులో చెప్పారు. చెప్పకపోయినా బాగుండేది.

కుర్రవాడిగా ఉన్నప్పుడు తను ఇంగ్లండులో సైనిక శిక్షణకి వెళ్లానన్నారు. ఇంటిమీద బెంగతో రోజూ కుమిలిపోయేవాడట. అక్కడి నడవాలో గోడకి ఒక పటం ఉండేది. యుద్ధంలో నేలకొరిగిన ఒక సేనాపతి, చుట్టూ కన్నీళ్లతో అతని మనుషులు, అటునుంచి గెలిచామని చెప్పడానికి పరిగెత్తుకొస్తున్న ఒక సైనికుడు. ఆ వార్త విని గాని ఆ సేనాపతి కన్నుమూయలేదట. ఉద్యోగంలో ఎక్కడున్నా ఆ పటం తనతోనే ఉందన్నారు. వేసవిలో ఆపరేషన్ బల్ల మీద పడుకున్నప్పుడు కూడా ఆ ముఖమే గుర్తొచ్చిందన్నారు.

"అందుకే నబీల్‌ని ఏరికోరి అడిగాను. ఈ ఇంట్లో నాకింకేదీ అక్కర్లేదు, ఆ చావు ఒక్కటి తెచ్చిపెట్టమన్నాను. రోజూ పొద్దున్నే అది చూసి లేవాలి."

ముదీర్ వినయంగా తలవంచాడు. విశ్వనాథం గోడని ఆసరాగా పట్టుకున్నాడు. తెలిసీ తెలియక చేసిన తప్పుకి శిక్ష ఉంటుందని ఆయనకి తెలుసు. తప్పే లేని చోట తప్పు వెతికి, దాన్ని దిద్దించి, కష్టపడి తప్పు చేసినవాడికి ఏ శిక్ష ఉంటుందో తెలియలేదు. కూతురు ఈ పూట కూడా ఫిజిక్స్ చదువుకుంటూ ఉంటుందని గుర్తొచ్చింది. రంగు ఇంకా తడిగా ఉందనీ, రేపు చూస్తే బాగుంటుందనీ ఆయన గొణిగాడు. రెండున్నర శతాబ్దాల నాటి చిత్రానికి తడేమిటని ఒక అతిథి నవ్వాడు. ముదీర్ బట్ట కొస పట్టుకుని లాగాడు.

బట్ట సులువుగా రాలేదు. రంగుకి అంటుకుని, పరపరమంటూ ఊడి వచ్చింది. జనరల్ వుల్ఫ్ మీసంలో సగం దానితోపాటు వచ్చేసింది.

అబూ మాజిద్‌గారు కళ్లజోడు పెట్టుకుని దగ్గరికి నడిచారు. సగం మీసంతో నవ్వుతున్న సేనాపతిని చూశారు. ఫింజాన్ చూశారు. కూజా దగ్గర చాలాసేపు ఆగారు. వరసగా ఒక్కొక్క నవ్వే చూసుకుంటూ వెళ్లి, చివరికి గెలుపు వార్త వచ్చే దిక్కుకి చూపు తిప్పారు. అక్కడినుంచి కబ్సా వస్తోంది.

ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారనుకున్నాడు విశ్వనాథం. కాదు, నవ్వు. లోపల్నుంచి తన్నుకొచ్చి, గొంతులో అడ్డుపడి, దగ్గయి, ఊపిరాడక ఆయన ముఖం ఎర్రబడింది. రొమ్ము మీద చెయ్యి వేసుకుని వెనక్కి తూలారు. ఇద్దరు ముగ్గురు స్నేహితులు ఒక్కసారిగా ఒడిసి పట్టుకుని సోఫా మీదికి వాల్చారు. వాళ్లలో సైన్యంలో డాక్టరుగా చేసినాయన గబగబా గుండీలు విప్పి, చేతిగుడ్డ రొమ్ము మీద అదిమాడు. ముదీర్ చేతులు జోడించి నిలబడిపోయాడు. కనుగుడ్లు పైకి తేలేసి, జనరల్‌గారు వాళ్ల చేతుల్లో వెనక్కి వేలాడారు. లోపల ఏం జరుగుతోందో తెలియని వంటమనిషి, భోజనాల గదికి దారి తప్పి, పెద్ద కబ్సా పళ్లెంతో గుమ్మంలోంచి పరిగెత్తుకొచ్చాడు.

విశ్వనాథం అక్కడే తివాచీ మీద కూలబడి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. మతీన్ చెరిపేసిన బొమ్మంతా ఒక్క ఈక లోటుతో ఎదురుగా ఉంది. మనిషిని చంపేశానని ఆయనకి నిశ్చయమైపోయింది. తను జైలుకెళ్తే ఈ ఊళ్లో దారీతెన్నూ తెలియని తల్లీకూతుళ్లు సూట్‌కేసులు ఎలా మోసుకుంటారోనన్న ఆలోచన ఒక్కటే మిగిలింది. కన్నీళ్లొచ్చాయి. ఈసారి ఎనామిల్ వల్ల కాదు.

కాసేపటికి జనరల్‌గారు కళ్లు తెరిచారు. చుట్టూ వంగి ఉన్న ముఖాలన్నీ చూసి, సన్నటి గొంతుతో ఒకే మాట అన్నారు.

"ఖహ్వా."

ఎవరో ఫింజాన్ తెచ్చి చేతిలో పెట్టారు. సోఫాలో వెనక్కి వాలిన మనిషి వాలినట్టే కాఫీ చప్పరించి, గోడమీది తన ప్రతిబింబాన్ని చూసి మళ్లీ నవ్వారు. చుట్టూ ఉన్నవాళ్లందరి ముఖాల్లోకీ నవ్వు వచ్చింది. అంతమంది మీద అదే నవ్వు చూసి విశ్వనాథం, మతీన్ మరీ అంత అబద్ధం గీయలేదేమోనని ఆ స్థితిలో కూడా అనుకున్నాడు.

తర్వాత విచారణ జరిగింది. విశ్వనాథం నేలమీంచి లేవకుండానే మొత్తం చెప్పేశాడు, అంపశయ్య సంగతితో సహా. కొత్తింట్లో చావు బొమ్మ ఉంటే మీకు మంచిది కాదని భయపడ్డానన్నాడు. జనరల్‌గారు ఫింజాన్ పక్కన పెట్టారు.

"నేను ఎలా చావాలో నేర్చుకుందామని ఒక పటం అడిగాను. నువ్వు నన్ను చావనివ్వలేదు" అన్నారు. కోప్పడుతున్నారో మెచ్చుకుంటున్నారో ఆ ముఖం చూసి చెప్పడం కష్టం. తర్వాత ముదీర్ వైపు తిరిగారు. ఈ బొమ్మ ఇక్కడే ఉంటుందన్నారు. ఎదురు గోడ ఖాళీగా ఉంది కాబట్టి, అసలులాగే ఉన్నది, ఎవడూ వేలు పెట్టనిది, తెప్పించి అక్కడ పెట్టాలన్నారు. "తెప్పించేది ఇతనే. అది వచ్చి గోడకెక్కేదాకా ఇతన్ని దేశం దాటనివ్వకు. చేసింది దిద్దుకుని వెళ్లాలి."

శిక్ష వేశాననే ఆయన అనుకున్నారు. ముదీర్ కూడా శిక్షగానే అమలు చేశాడు. కార్లో కూర్చున్నాక, అదే మృదువైన చిరునవ్వుతో, ఇకామా రెన్యూ చేయిస్తాననీ, రెండో బొమ్మ గోడకెక్కిన రోజే ఎగ్జిట్ కొట్టిస్తాననీ చెప్పాడు. విశ్వనాథం దణ్ణం పెట్టినంత పని చేశాడు. మొదటి బొమ్మ ఓడలో ఊరేగుతూ వచ్చేసరికి నెలలు పట్టింది. ఇదీ అలాగే వస్తే ఫిబ్రవరి దాటిపోతుంది, పిల్ల పరీక్షలు రాసేస్తుంది. ఆ తర్వాత ఏ ఊరెళ్లినా ఒకటే. ఇంటికెళ్లి చెబితే జ్ఞానప్రసూనాంబ ముడుపు మూట కళ్లకద్దుకుంది. ఈసారైనా బొమ్మని పెద్దది చేసి చూసి ఆర్డరివ్వమంది. ఆయన చూశాడు. చచ్చిపోతున్న జనరల్ అంత అందంగా ఎప్పుడూ కనపడలేదు.

సోమవారం పొద్దున్న సప్లయర్ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. పోయినసారి ఆలస్యంతో మిమ్మల్ని చాలా ఇబ్బంది పెట్టామనీ, మీరు రోజూ చేసిన ఫోన్లు మేం మరిచిపోలేదనీ, ఇంకో నకలు సిద్ధంగానే ఉంది కాబట్టి అందుకు పరిహారంగా ఈసారి విమానంలో వేసి వారంలోపే చేరుస్తున్నామనీ అక్కడ పనిచేసే అమ్మాయి ఎంతో సంతోషంగా చెప్పింది. విశ్వనాథం ఫిబ్రవరికి ఇంకా ఎన్ని వారాలుందో వేళ్లమీద లెక్కపెట్టాడు.

తర్వాత, తన ఉద్యోగ జీవితంలో మొట్టమొదటిసారి, సరుకు కొంచెం ఆలస్యంగా పంపమని బతిమాలడం మొదలుపెట్టాడు.